191 కన్నాలు: ఫైర్‌స్టాపింగ్ పని డైరీ

పన్నెండో రోజు పొద్దున తనిఖీకి వచ్చినాయన జేబులోంచి కట్టర్ తీసి, మూడో అంతస్తు షాఫ్ట్‌లో (పైపులు, కేబుళ్లు అంతస్తులు దాటే నిలువు దారిలో) మేం మూసిన ఒక కన్నాన్ని అడ్డంగా కోశారు. పైన ఎర్రటి సీలెంట్ (సందులు మూసే పేస్టు) పొర, మందం 6 మి.మీ. దాని కింద అంతా గులాబీ రంగు ఫోమ్. చిన్న ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, "ఇది ఎన్ని నిమిషాలు ఆగుతుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ట్యూబు మీద, డబ్బా మీద "ఫైర్" అని ఉంది. నాకు తెలిసింది అంతే.

అంతకు ముందు పదకొండు రోజుల్లో రాయదగ్గదేమీ లేదు. ఇదే పని నెత్తిన పడినవాళ్లకు ఉపయోగపడుతుందని అక్కడి నుంచి రాస్తున్నాను.

పని ఇది. ఏడంతస్తుల ఆఫీసు భవనం, 150 మి.మీ. కాంక్రీటు శ్లాబు. కరెంటుకు ఒక షాఫ్టు, నీళ్ల పైపులకు ఒక షాఫ్టు, రెండింటికీ 200 మి.మీ. బ్లాకు గోడలు. కారిడార్లకు స్టీలు ఫ్రేము మీద జిప్సమ్ బోర్డు గోడలు. శ్లాబూ షాఫ్టు గోడలూ మంటను రెండు గంటలు ఆపాలి, కారిడార్ గోడలు గంట ఆపాలి. వాటిని చీల్చుకుని పోయే ప్రతి పైపు, ప్రతి కేబుల్ చుట్టూ ఉన్న సందును మంట దాటకుండా మూసే బాధ్యత నాది. దీన్నే ఫైర్‌స్టాపింగ్ అంటారు.

దశ 1: తవ్వకం (రోజు 12 నుంచి 18)

ఆ రోజు మొత్తం ఐదు కన్నాలు కోశారు. బయటపడినవి ఇవి:

1. సీలెంట్ 6 మి.మీ. కావలసింది 13. కింద ఫోమ్.
2. సీలెంట్ 13 మి.మీ. సరిపోయింది, కానీ కింద కుక్కింది గ్లాస్ ఊల్ (గాజు దూది). ఉండాల్సింది స్టోన్ ఊల్ (రాతి నుంచి తీసిన దూది).
3. ప్లాస్టిక్ డ్రెయిన్ పైపు చుట్టూ మామూలు సీలెంట్. కాలర్ (పైపు చుట్టూ బిగించే, వేడికి పొంగే పట్టీ) లేదు.
4. మళ్ళీ ఫోమ్.
5. సరిగ్గా ఉంది.

ఐదింట్లో నాలుగు తప్పు. అప్పటికి మూసిన 63లో మిగతా 58 బాగున్నాయని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అన్నీ తవ్వేశాం. ఇద్దరు మనుషులు, ఆరు రోజులు. 63లో సరిగ్గా ఉన్నవి 4. ఆ సంగతి తవ్వి పాడుచేశాక గానీ తెలియలేదు, అది వేరే బాధ.

కోయకుండానే ఇది ముందే పట్టుకునే దారి ఒకటి ఉంది, తర్వాత తట్టింది. 152 మి.మీ. కోర్ కన్నంలో (యంత్రంతో గుండ్రంగా తొలిచినది) 110 మి.మీ. పైపు ఉంటే చుట్టూ మిగిలే వైశాల్యం దాదాపు 8,640 చ.మి.మీ. 13 మి.మీ. లోతుకు 112 మి.లీ. సీలెంట్ పడుతుంది. ట్యూబు 310 మి.లీ., అంటే ఒక ట్యూబుకు దాదాపు 2.75 కన్నాలు. 63 కన్నాలకు 23 ట్యూబులు ఖర్చు కావాలి. చెత్తబుట్టలో దొరికిన ఖాళీ ట్యూబులు 9. కన్నాలన్నీ ఒకే సైజువి కావు, నిజమే. అయినా 23కూ 9కీ ఉన్న తేడాను సైజు మీదికి నెట్టలేం. ఆ రోజు నుంచి ఖాళీ ట్యూబులు పారేయనివ్వలేదు. అంతస్తుకో సంచి పెట్టి, సాయంత్రం లెక్కపెట్టి రాసుకున్నాను.

తవ్వుతూనే భవనమంతా తిరిగి మళ్ళీ లెక్క తీశాను. డ్రాయింగులో కన్నాలు 168. గోడల్లో, శ్లాబుల్లో 191.

- ఒట్టి లోహపు పైపులు: 46
- ప్లాస్టిక్ పైపులు: 38
- కేబుల్ కట్టలు, కాండ్యూట్లు (కేబుళ్లు దూర్చే గొట్టాలు): 52
- కేబుల్ ట్రేలు (కేబుళ్లు పరిచే రేకు తొట్లు): 14
- ఇన్సులేషన్ చుట్టిన చల్లనీటి పైపులు: 17
- ఏసీ డక్టులు: 9
- ఖాళీ కన్నాలు: 15

లెక్క (రోజు 18): మొత్తం 191. ఆమోదం పొందినవి 0. తవ్వినవి 63. ఖాళీ ట్యూబులు 9.

దశ 2: మాటలు (రోజు 19 నుంచి 22)

ఈ నాలుగు రోజులూ సైట్లో పని ఆపి కూర్చుని చదివాను. మేస్త్రికి నచ్చలేదు. "సార్, ట్యూబు మీద ఫైర్ అని రాసుంది కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. వారం కిందటి దాకా నేనూ ఆ మాటే అనేవాణ్ణి.

చిక్కు ఎక్కడంటే, ఒకే "ఫైర్" అనే మాట కింద మూడు వేరు వేరు సంగతులు నడుస్తాయి. మండకపోవడం ఒకటి. మంట పైపైన పాకకపోవడం రెండోది. మంటను ఇంత సేపు అవతలికి పోనివ్వకుండా ఆపడం మూడోది. మొదటి రెండూ వస్తువు గుణాలు. మూడోది కట్టిన గోడ గుణం.

మా ఫోమ్ డబ్బా మీద "బీ1" అని ఉంది. అది జర్మన్ ప్రమాణం డీఐఎన్ 4102 ఇచ్చే తరగతి. త్వరగా అంటుకోదని అర్థం, అంతే. రెండు గంటలు ఆపుతుందని ఎక్కడా లేదు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ ఈ84 కింద ఇచ్చే "క్లాస్ ఏ" కూడా అలాంటిదే. వస్తువు ఉపరితలం మీద మంట ఎంత వేగంగా పాకుతుందో కొలిచి, సూచిక 25 లోపు ఉంటే ఆ తరగతి ఇస్తారు. క్లాస్ ఏ అని చూసి కన్నంలో కుక్కితే మా 63 కన్నాల కథే.

ఆపే శక్తిని కొలిచేది కొలిమిలో. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 834 ప్రకారం కొలిమి వేడి ఇలా పెరుగుతుంది: 5 నిమిషాలకు 576 డిగ్రీలు, 10 నిమిషాలకు 678, 30కి 842, 60కి 945, 120కి 1,049. ఈ అంకెలను గోడకు అతికించుకున్నాను, ఎందుకంటే పక్కన కరిగే ఉష్ణోగ్రతలు రాస్తే చాలా ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, అంటే పది నిమిషాల లోపే ఖతం. స్టోన్ ఊల్ వెయ్యి డిగ్రీలు దాటినా నిలుస్తుంది. గ్లాస్ ఊల్ అరగంట కూడా నిలవదు, కరిగి కుంగిపోతుంది. చూడ్డానికి రెండూ పసుపచ్చటి దూదే. మేస్త్రి మీద కోపం రావడానికి ఏమీ లేదు.

ఇక రేటింగులు. అమెరికా పద్ధతిలో, అంటే ఏఎస్‌టీఎమ్ ఈ814, యూఎల్ 1479 పరీక్షల్లో, ఒక కన్నానికి నాలుగు అక్షరాలు రావచ్చు.

ఎఫ్: మంట అవతలికి రాకుండా ఆగిన సమయం. కొలిమి తర్వాత గట్టి నీటిధార కొట్టి మూత ఊడిపోలేదని కూడా చూస్తారు.

టీ: అవతలి వైపున పైపు మీదగానీ మూత మీదగానీ వేడి, మొదలున్న దానికన్నా 181 డిగ్రీలు పెరగడానికి పట్టిన సమయం.

ఎల్: గాలి, పొగ ఎంత కారుతుందో. మామూలు వేడిలో ఒకసారి, 204 డిగ్రీల దగ్గర ఒకసారి కొలుస్తారు.

డబ్ల్యూ: నీళ్లు ఆగుతాయా. మూడడుగుల నీటి ఒత్తిడిని 72 గంటలు తట్టుకోవాలి.

యూరప్ పద్ధతిలో ఈ, ఐ అని రెండక్షరాలు. ఈ అంటే మంట, వేడి వాయువులు దాటకపోవడం. ఐ అంటే వేడి దాటకపోవడం. ఈఐ 120 అని ఉంటే రెండూ 120 నిమిషాలు ఆగాయని. బరువు మోసే గోడకు, శ్లాబుకు ముందు ఆర్ చేరుతుంది. ఈ, ఎఫ్ ఒకటే అనుకుని కలిపేయకూడదు. నీటిధార పరీక్ష ఒకచోట ఉంది, ఒకచోట లేదు.

ఎఫ్‌కూ టీకీ తేడా చదివితే బుర్రకెక్కలేదు. 22 మి.మీ. రాగి పైపు ముక్క, 30 సెం.మీ. పొడవుది తీసుకుని ఒక కొసను బ్లోల్యాంపు మంటలో పెట్టాను. రెండో కొస చేతిలో. నలభై సెకన్లు కూడా పట్టుకోలేకపోయాను. రాగి కరగలేదు, దానికి 1,085 డిగ్రీలు కావాలి. మంట నా వైపు రాలేదు. అయినా పైపు నా వేళ్లు కాల్చింది. ఎఫ్ రెండు గంటలుండి టీ సున్నా ఉండటమంటే ఇదే. అవతలి గదిలో ఆ పైపుకు ఆనించి అట్టపెట్టెలు పేర్చి ఉంటే, మూత చెక్కుచెదరకుండానే అక్కడ మంట పుడుతుంది.

ఆ మధ్యాహ్నమే రెండు రకాల సీలెంట్ పట్టీలు రేకు మీద ఆరబెట్టి, ఒక్కోటీ 8 మి.మీ. మందం, అదే మంట కింద పెట్టాం. ఒకటి పొంగి 70 మి.మీ. ఎత్తున నల్లటి నురుగు గూడులా లేచింది. రెండోది నల్లబడి అలాగే ఉండిపోయింది. రెండు ట్యూబుల మీదా ఫైర్ సీలెంట్ అనే ఉంది. పొంగే రకం ప్లాస్టిక్ పైపులకు, కేబుళ్లకు, ఇన్సులేషన్‌కు: లోపలిది కరిగి సందు పుడితే దాన్ని నింపాలి కాబట్టి. పొంగనిది ఒట్టి లోహపు పైపులకు, జాయింట్లకు. మేస్త్రి ఆ నురుగును వేలితో పొడిచి చూసి, "దీన్ని ముందే చూపిస్తే అయిపోయేది కదా సార్" అన్నాడు.

నాలుగో రోజు సాయంత్రానికి తేలింది ఇదీ: ట్యూబుకు రేటింగ్ ఉండదు. ఫలానా మందం శ్లాబులో, ఫలానా సైజు కన్నంలో, ఫలానా పైపు చుట్టూ, ఇంత సందులో, ఇంత లోతున ఇంత ఊల్, దాని మీద ఇంత సీలెంట్ — ఇదంతా కలిపి కొలిమిలో పెట్టి పరీక్షించారు. రేటింగ్ ఆ మొత్తానిది. ఆ మొత్తాన్ని "సిస్టమ్" అంటారు, దానికో నంబరు ఉంటుంది.

యూఎల్ అనే అమెరికా పరీక్షా సంస్థ ఇచ్చే ఆ నంబరు చదవడం వస్తే సగం పని అయినట్టే. మొదటి అక్షరం ఎఫ్ అయితే నేల, డబ్ల్యూ అయితే గోడ, సీ అయితే రెండూ. తర్వాతి అక్షరం ఆ నేల, గోడ ఏ రకమో చెబుతుంది: ఏ అంటే 5 అంగుళాల లోపు కాంక్రీటు నేల, బీ అంటే అంతకు మించింది, జే అంటే 8 అంగుళాల లోపు కాంక్రీటు లేదా బ్లాకు గోడ, ఎల్ అంటే జిప్సమ్ బోర్డు గోడ. చివరి నాలుగంకెల్లో మొదటిది లోపల దూరేది ఏదో చెబుతుంది: 0 ఖాళీ, 1 లోహపు పైపు, 2 ప్లాస్టిక్ పైపు, 3 కేబుళ్లు, 4 కేబుల్ ట్రే, 5 ఇన్సులేషన్ ఉన్న పైపు, 6 బస్‌డక్టు (కరెంటు కడ్డీలు పోయే రేకు పెట్టె) లాంటివి, 7 గాలి డక్టులు, 8 అన్నీ కలగాపులగం. డబ్ల్యూ-ఎల్-2 అని మొదలైతే జిప్సమ్ గోడలో ప్లాస్టిక్ పైపు అన్నమాట. మా పాత ఫైలులో శ్లాబు కన్నాలకు జతచేసిన కాగితం డబ్ల్యూ-ఎల్ తో మొదలైంది. దాని మీద అందరి సంతకాలూ ఉన్నాయి, నాదీ ఉంది.

దశ 3: లోహపు పైపులు, 46 (రోజు 23 నుంచి 31)

అందరూ తేలికనుకునేది ఇదే. ఇక్కడ దెబ్బతీసింది చుట్టూ ఉండే సందు.

152 కన్నంలో 110 పైపు సరిగ్గా మధ్యలో ఉంటే చుట్టూ 21 మి.మీ. ఉంటుంది. నేను కొలిచిన మొదటి పైపు ఒక పక్క 4, ఎదురు పక్క 38. ఎంచుకున్న సిస్టమ్ 6 నుంచి 32 వరకే ఒప్పుకుంటుంది. సగటు తీస్తే 21 వస్తుంది, సగటు పనికిరాదు. సన్నటి చోట సీలెంట్ లోపలికి దిగదు, వెడల్పు చోట ఊల్ జారుతుంది.

స్కేలుతో కొలవడం ఆ ఇరుకులో కుదరలేదు. 6, 13, 25, 32 మి.మీ. మందంతో నాలుగు చెక్క బిళ్లలు కోయించి తాడుకు కట్టాం. 6 బిళ్ల చుట్టూ ఎక్కడైనా దూరాలి, 32 బిళ్ల ఎక్కడా వదులుగా దూరకూడదు. ఒక్కో కన్నానికి అర నిమిషం. ఈ పనిలో నేను కనిపెట్టిన గొప్ప పరికరం ఆ చెక్క బిళ్లలే.

46లో 37 పాసయ్యాయి. మిగిలిన 9లో ఆరింటికి, పైపు ఒక పక్క గోడను తాకినా ఒప్పుకునే ఇంకో సిస్టమ్ దొరికింది. మూడింటికి సపోర్టు క్లాంపులు విప్పి పైపునే మధ్యకు జరిపాం.

స్థిరపడిన పద్ధతి:

1. చెక్క బిళ్లలతో కొలిచి అంకెలు గోడ మీదే రాయాలి.
2. బ్రష్‌తో దుమ్ము తీయాలి. కోర్ కటింగ్ బురద ఎండిన పొర మీద సీలెంట్ అంటదు.
3. స్టోన్ ఊల్‌ను సందు కన్నా మందంగా, 20 మి.మీ. సందుకు 30 మి.మీ. ముక్క కోసి, నొక్కి దూర్చాలి. ఊడిపడకుండా దాని బిగువే పట్టుకోవాలి.
4. పైన 13 మి.మీ. ఖాళీ వదలాలి. 13 దగ్గర టేపు చుట్టిన మేకు గుచ్చి చూడాలి.
5. సీలెంట్ నింపి, తడి చేసిన గరిటెతో నొక్కి చదును చేయాలి. శ్లాబులో పై వైపు చాలు. గోడలో రెండు వైపులా.
6. మర్నాడు మళ్ళీ చూడాలి. నీళ్ల ఆధారిత సీలెంట్ ఆరితే కుంచించుకుపోతుంది.

ఆరో అంశం రెండు కన్నాలు పాడయ్యాక చేరింది. ఆరాక మేకు 10 దగ్గరే ఆగింది. ఇప్పుడు పొంగుగా నింపుతున్నాం.

టీ రేటింగ్ సంగతి: గోడల మధ్య దాగి నేలను దాటే పైపులకు దాన్ని అడగలేదు. గదిలోకి తేలి కనిపించే 12 పైపులకు టీ ఒక గంట అడిగారు. మంటలో వేళ్లు కాల్చుకున్నాను కాబట్టి ఎందుకని ఎదురు అడగలేదు. ఆ 12 చోట్లా పైపు చుట్టూ స్టోన్ ఊల్ గొట్టం తొడిగే సిస్టమ్‌కు మారాం.

లెక్క (రోజు 31): ఆమోదం 46. తవ్వి మళ్ళీ చేసినవి 65. ఖాళీ ట్యూబులు 34.

దశ 4: ప్లాస్టిక్ పైపులు, 38 (రోజు 32 నుంచి 38)

పీవీసీ దాదాపు 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. మంట మొదలైన కాసేపటికి పైపు ఉండదు, 110 మి.మీ. గుండ్రటి కిటికీ మాత్రం మిగులుతుంది. అందుకే కాలర్. రేకు పట్టీ లోపల పొంగే పదార్థం ఉంటుంది. వేడి తగలగానే అది లోపలి వైపుకు ఉబ్బి, మెత్తబడిన పైపును పిసికి దారి మూసేస్తుంది.

మూడు తప్పులు జరిగాయి, మూడూ వేరు వేరు మనుషులవి.

శ్లాబుకు మంట కింది నుంచి వస్తుంది, కాలర్ కింద ఉండాలి. 11 చోట్ల పైన బిగించారు, నిలబడి చేయడం సులువు కాబట్టి. గోడలకైతే ఎటు నుంచి వస్తుందో తెలియదు, రెండు వైపులా కావాలి.

రెండోది, కాలర్లను ప్లాస్టిక్ ప్లగ్గులు దూర్చి స్క్రూలతో బిగించారు. చేత్తో లాగితే రాయిలా ఉంది. మంటలో ఆ ప్లగ్గు కరిగి, కాలర్ పొంగడం మొదలుపెట్టే వేళకు కింద నేల మీద ఉంటుంది. అన్నీ స్టీలు యాంకర్లకు మార్పించాను. ఇది పై నుంచి చూస్తే కనిపించదు. ఒక స్క్రూ విప్పి చూడాల్సిందే.

మూడోది, 4 చోట్ల కాలర్ సరిగ్గా పైపు జాయింటు మీద పడింది. అక్కడ ప్లాస్టిక్ మందం రెట్టింపు. మా సిస్టమ్ కాగితంలో అది లేదు. పైపు కోసి జాయింటును కిందికి దించాం.

యూరప్ కాగితాలు చదివేవాళ్లకు ఒక సూచన. యూ/సీ, యూ/యూ అని కనిపిస్తుంది. పరీక్షలో పైపు కొసలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా అని. మొదటి అక్షరం కొలిమి వైపు, రెండోది బయటి వైపు. రెండు కొసలూ తెరిచి చేసిన యూ/యూ అన్నిటికన్నా కఠినమైనది. గాలిగొట్టం ఉన్న డ్రెయిన్ పైపుకు సీ/సీ కాగితం తెస్తే తిప్పి పంపండి.

లెక్క (రోజు 38): ఆమోదం 84. మళ్ళీ చేసినవి 80. ఖాళీ ట్యూబులు 40.

దశ 5: కేబుళ్లు, 66 (రోజు 39 నుంచి 57)

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది ఇదే.

ట్రే కన్నంలో కేబుళ్లు ఎంత శాతం నిండాయన్నదానికి హద్దు ఉంటుంది. మా సిస్టమ్‌లో 40. ఐదో అంతస్తు కన్నం 400 × 120, అంటే 48,000 చ.మి.మీ. లోపల 32 మి.మీ. కేబుళ్లు 18, 18 మి.మీ. కేబుళ్లు 22. వైశాల్యాలు కలిపితే 20,075. 41.8 శాతం. దాదాపు సరిపోయిందని సంతకం పెట్టమన్నారు. కన్నాన్ని 150కి పెంచితే 60,000 అయి 33.5 శాతానికి దిగింది. పెంచే ముందు సిస్టమ్ అనుమతించే గరిష్ఠ కన్నం ఎంతో చూసుకోవాలి, లేకపోతే ఒక నియమం కోసం ఇంకోటి తప్పుతాం.

మూసిన పదకొండో రోజు వెళ్లి చూస్తే దాంట్లోంచి కొత్తగా ఆరు కేబుళ్లు లాగి ఉన్నాయి. శాతం 36, హద్దు లోపే. మూత మాత్రం చేయి దూరేంత చిరిగింది. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, "మూశారని తెలుసు సార్, స్క్రూడ్రైవర్‌తో మెల్లగానే పొడిచాను" అన్నాడు. అతనికి వేరే దారి నేను వదల్లేదు కూడా. 14 ట్రేలలో 8 చోట్ల గట్టి మూత మానేసి ఫైర్ పిల్లోలు పెట్టాం. చిన్న దిండ్లలాంటివి, తీసి కేబుల్ లాగి మళ్ళీ పేర్చవచ్చు. పేర్చేటప్పుడు వదులుగా కాకుండా బిగించి కుక్కాలి.

కేబుల్ కట్టల్లో అసలు సమస్య కేబులుకూ కేబులుకూ మధ్య ఉండే సన్నటి సందులు. బయట ఎంత సీలెంట్ పూసినా కట్ట నడుమ గొట్టంలా దారి ఉంటుంది. కొలిమి పరీక్షలో లోపలి ఒత్తిడి బయటి కన్నా ఎక్కువ ఉంచుతారు, నిజం మంట కూడా అలాగే వాయువులను నెడుతుంది. యూరప్ పరీక్షలో అవతలి వైపు దూది పట్టి చూస్తారు, అంటుకుంటే ఫెయిల్.

మేం రాత్రి దీపాలార్పి, కింది అంతస్తులో ఒకణ్ణి టార్చి పట్టుకోమని పైన కూర్చున్నాం. ఎనిమిది కట్టల్లో ఏడింటి నడుమ నక్షత్రాల్లా చుక్కలు కనిపించాయి. ఏడూ విప్పి, కేబుళ్లను విడదీసి ఒక్కో వరుస మధ్యా సీలెంట్ నొక్కుకుంటూ మళ్ళీ కట్టాం.

టార్చే వాడండి, మంట వాడకండి. 1975 మార్చి 22న అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో సరిగ్గా ఈ పనే చేస్తున్నారు. కేబుల్ కన్నం దగ్గర గాలి కారుతోందేమోనని కొవ్వొత్తి పట్టుకుని చూశారు. అక్కడ కుక్కింది పాలియురేథేన్ ఫోమ్. గాలి జ్వాలను లోపలికి లాగింది. దాదాపు ఏడు గంటలు మండి, 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఇది చదివాక మొదటి తనిఖీ రోజు నా అరచేతిలో పెట్టిన ఆ గులాబీ ఫోమ్ ముక్కను పారేయకుండా టేబుల్ మీద ఉంచుకున్నాను.

66లో 65 పూర్తి. మిగిలిన ఒక్కటి గురించి చివర్లో.

లెక్క (రోజు 57): ఆమోదం 149. మళ్ళీ చేసినవి 87. ఖాళీ ట్యూబులు 71.

దశ 6: చల్లనీటి పైపులు, డక్టులు, 26 (రోజు 58 నుంచి 63)

చల్లనీటి పైపుల మీద నల్ల రబ్బరు ఇన్సులేషన్. ఆరు చోట్ల దాన్ని గోడ దగ్గర కోసేసి పైపు మీద సీలెంట్ పూశారు. వాళ్ల లెక్కలో తెలివైన పనే, కాలే రబ్బరు తీసేశాం కదా అని. వారంలో పైపు మీద చెమట పట్టి, నీళ్లు కారి, ఫాల్స్ సీలింగ్ మీద మరకలు తేలాయి. ఇన్సులేషన్‌ను తెగకుండా గోడ దాటించి, చుట్టూ పొంగే పట్టీ పెట్టే 5000 వరుస సిస్టమ్‌కు మారాం.

డక్టుల దగ్గర పెద్దగా చెప్పేది లేదు. ఫైర్ డ్యాంపర్ (మంట వస్తే డక్టును మూసేసే తలుపు) ఉన్నచోట తయారీదారు కాగితమే శాసనం. కొన్ని డ్యాంపర్ల చుట్టూ వ్యాకోచానికని సందు కావాలనే వదులుతారు. అక్కడ ఉత్సాహంగా సీలెంట్ దూర్చకండి.

లెక్క (రోజు 63): ఆమోదం 175. మళ్ళీ చేసినవి 93. ఖాళీ ట్యూబులు 85.

దశ 7: గోడ తల దగ్గర జాయింటు, 112 మీటర్లు (రోజు 64 నుంచి 70)

కన్నాల జాబితాలో లేనిది, చివరికి గుర్తొచ్చింది. జిప్సమ్ గోడ పైకొసకూ శ్లాబుకూ మధ్య 20 మి.మీ. సందు. పై అంతస్తులో బరువు పడితే శ్లాబు కొంచెం దిగుతుంది, అందుకే వదులుతారు. దీనికి పరీక్ష వేరు, యూఎల్ 2079, కదలికతో కలిపి చేస్తారు. మాకు కావలసింది 25 శాతం, అంటే అటూ ఇటూ 5 మి.మీ.

ఎవరో 14 మీటర్ల మేర గట్టి మోర్టారు కొట్టారు. పై అంతస్తులో ఫైల్ ర్యాకులు దించిన వారానికి దాని పొడవునా సన్నటి పగులు. విజిటింగ్ కార్డు దూరింది. మొత్తం రాల్చి, ఊల్ నొక్కి, సాగే సీలెంట్ స్ప్రే చేశాం. ర్యాకులు ఇంకా నాలుగు గదులకు రావాలి, ఆ తర్వాత మళ్ళీ కార్డు పట్టుకుని నడుస్తాను.

దశ 8: ఖాళీ కన్నాలు, 15 (రోజు 71 నుంచి 74)

ఎవరు కోశారో ఎవరూ ఒప్పుకోలేదు. ముందే మూసేద్దామనుకున్నాను, ఆగడం మంచిదైంది: ఈలోగా వాటిలో మూడింట్లోకి కేబుళ్లు వచ్చేశాయి. మూడింటినీ కేబుల్ సిస్టమ్‌తో, పన్నెండింటిని మోర్టారుతో నిండు లోతుకు మూశాం. ప్రతి కన్నం పక్కన ట్యాగు: కన్నం నంబరు, సిస్టమ్ నంబరు, తేదీ, చేసినవాడి పేరు. చెక్క బిళ్ల కనిపించేలా ఒక ఫొటో, ఊల్ దాకా ఒక ఫొటో, పూర్తయ్యాక ఒక ఫొటో. రెండో ఫొటో లేని కన్నానికి నేను సంతకం పెట్టలేదు.

డెబ్భై ఐదో రోజు మళ్ళీ ఆయనే వచ్చారు, అదే కట్టర్‌తో. ఆరు కోశారు. ఒకదాంట్లో సీలెంట్ 12 మి.మీ. మళ్ళీ మేకు గుచ్చి, ఆ ఒక్కచోట పై పొర వేయమన్నారు.

లెక్క (రోజు 75): ఆమోదం 190. మళ్ళీ చేసినవి 94. ఖాళీ ట్యూబులు 92.

మిగిలినది ఆరో అంతస్తు 118వ నంబరు. ఒకే 250 × 200 కన్నంలో రాగి పైపు రెండు, పీవీసీ పైపు ఒకటి, కేబుల్ కట్ట ఒకటి, ఒకదాన్నొకటి ఆనుకుని. 8000 వరుస కాగితాలు పదకొండు చూశాను. ఒకదాంట్లో పీవీసీ సైజు కలవలేదు, ఒకదాంట్లో వాటి మధ్య దూరం, మిగతా వాటిలో శ్లాబు మందం. పరీక్షించిన సిస్టమ్ దొరకనప్పుడు, దగ్గరి పరీక్షల ఆధారంగా తయారీదారు ఇంజినీరు ఆ ఒక్క కన్నానికే డ్రాయింగు ఇవ్వాలి, దాన్ని ఇంజినీరింగ్ జడ్జిమెంట్ అంటారు. కొలతలు, నాలుగు ఫొటోలు పంపి తొమ్మిది రోజులైంది. అది వచ్చేదాకా మేస్త్రి కన్నం చుట్టూ ఎర్ర టేపు అంటించి, మార్కరుతో "ముట్టుకోవద్దు, సార్‌ను అడగండి" అని రాశాడు. నిన్న చూస్తే దాంట్లోంచి ఇంకో కేబుల్ వెళ్లింది. కొలతలు మళ్ళీ పంపాలి.